ఫౌలాదా, ఫాసలానా? బక్తర్‌బంద్ బండి కథ



పోయిన ఇత్వార్ నాడు మా చిన్నమ్మాయిని తీసుకుని గోల్కొండ పోయాను. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఫతే దర్వాజా దగ్గర ఫసీల్ మీద చెయ్యి ఆనించి, రాళ్లను రెండు మూడుసార్లు తట్టి చూసింది. తర్వాత అడిగింది: "అబ్బూ, గోడ ఇంత మందంగా ఉంటే ఔరంగజేబ్ లోపలికి ఎట్ల వచ్చాడు?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ సవాలే ఇంకో మాటలో, ఇంకో నోటి నుంచి ఇరవై ఏళ్ల కిందట విన్నాను. ఆ మాట అన్నవాడు నా బచ్‌పన్ దోస్త్. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను తెలుగు డిగ్రీ చేసి అఖ్బార్‌లో చేరాను, వాడు పోలీసు డ్రైవర్ అయ్యాడు. ఒక అడవి జిల్లాలో మట్టి రోడ్డు మీద వాడు నడుపుతున్న జీపు కింద మందుపాతర పేలింది. నేను దవాఖానాకు పోయేసరికి వాడికి స్పృహ వచ్చింది గానీ చెవులు పని చెయ్యడం లేదు. కాగితం మీద రాసి మాట్లాడుకున్నాం. వాడు ఉర్దూలో రాసిన మొదటి మాట: "సీటు కింద ఇసుక బస్తాలు వేసుకున్నాం కదా, మరి ఎందుకు ఆపలేదు?"

ఈ రోజు ఆ సవాలుకు జవాబు రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను, అఖ్బార్ మనిషిని. కానీ ఇన్నేళ్లలో చదివింది, అడిగి తెలుసుకున్నది చాలా ఉంది. మన ఉర్దూలో ఆర్మర్డ్ కారును బక్తర్‌బంద్ గాడీ అంటాం. బక్తర్ అంటే కవచం. బారూద్ పేలినప్పుడు ఏ బక్తర్ మనిషిని కాపాడుతుంది, ఏది మోసం చేస్తుంది అన్నదే ఈ తారీఖ్.

గోల్కొండ కింద సురంగ్‌లు

ముందు మన ఇంటి దగ్గరి ముచ్చట. 1687 మొదట్లో ఔరంగజేబ్ లష్కర్ గోల్కొండను చుట్టుముట్టింది. ఎనిమిది నెలల ముహాసరా. లోపల అబుల్ హసన్ తానాషా. బయట తోపులు, ఏనుగులు, లెక్కలేనంత ఫౌజు. గ్రానైట్ ఫసీల్‌ను తోపులు కూల్చలేకపోయాయి. రాత్రిపూట నిచ్చెనలు వేసి ఎక్కబోతే అదీ నడవలేదు. అప్పుడు మొగలులు మూడో దారి పట్టారు. గోడ కిందికి సురంగ్‌లు తవ్వి, వాటి నిండా బారూద్ కూరారు. అంటే మందుపాతరే. పేరు కొత్తగానీ పని పాతది.

జూన్ నెలలో వాటికి నిప్పు పెట్టారు. అయితే లోపలివాళ్లు అప్పటికే పసిగట్టారు. తమ వైపు నుంచి ఎదురు సురంగ్ తవ్వి, మందు కొంత తీసేశారు, కొంత నీళ్లతో తడిపేశారు. నిప్పు అంటుకున్నాక ఆ ధమాకా కోట వైపు పోలేదు, బయటికే తన్నింది. రాళ్లు, మట్టి పోయి దాడికి సిద్ధంగా నిలబడ్డ మొగల్ సిపాహీల మీదే పడ్డాయి. వందల మంది అక్కడికక్కడే చచ్చిపోయారు. ఇంకో సురంగ్ అసలు పేలనే లేదు.

ఇందులో ఒక సబక్ ఉంది. పేలుడు మంచి ఎవరిదో చెడు ఎవరిదో చూడదు, బలమైన గోడ ఏదో కూడా వెతకదు. ఎటు దారి సులువుగా దొరికితే అటు పోతుంది. గోల్కొండను ఆ రోజు కాపాడింది గోడ మందం కాదు, పేలుడుకు వేరే దారి చూపించిన తెలివి. మూడు వందల ఏళ్ల తర్వాత ఆఫ్రికాలో బక్తర్‌బంద్ బండి తయారు చేసినవాళ్లు కనిపెట్టింది కూడా ఇదే. ఆ ముచ్చటకు వస్తాను.

రాయి కన్నా మట్టి మేలు

ఇంకో ముచ్చట 1805 నాటిది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కోటను ఇంగ్లీషు జనరల్ లేక్ చుట్టుముట్టాడు. నాలుగుసార్లు దాడి చేశాడు, నాలుగుసార్లూ ఓడిపోయాడు. ఆ కోట బయటి గోడలు రాతివి కావు, మట్టివి. అయినా దానికి లోహాగఢ్, అంటే ఇనుప కోట అని పేరు. తోపు గుండు రాతికి తగిలితే రాయి పగులుతుంది, ముక్కలు ఎగురుతాయి. మట్టికి తగిలితే గుండు లోపలికి దిగి అక్కడే నిద్రపోతుంది. మట్టి లొంగుతుంది, లొంగుతూ దెబ్బ జోరును మింగేస్తుంది.

మన పిల్లలకు మదర్సాలో చెప్పే గజ్వయే ఖందక్ కూడా ఇట్లాంటిదే. హజ్రత్ సల్మాన్ ఫార్సీ సలహా మీద మదీనా ముందు గోడ కట్టలేదు, కందకం తవ్వారు. గుర్రం దూకలేనంత వెడల్పు. అంటే దుష్మన్‌కూ మనకూ మధ్య ఇనుము పెట్టలేదు, ఫాసలా పెట్టారు. దూరమే బక్తర్ అయింది.

రాయి, మట్టి, దూరం. ఈ మూడూ గుర్తు పెట్టుకోండి. ఫౌలాద్ వచ్చినా, ప్లాస్టిక్ వచ్చినా లెక్క మళ్లీ ఇక్కడికే తిరిగి వస్తుంది.

గోలీ వేరు, ధమాకా వేరు

చాలామందికి ఒక గలత్‌ఫహ్మీ ఉంటుంది. బులెట్‌ప్రూఫ్ బండి అయితే బాంబుకు కూడా ఆగుతుందని. ఆగాలని ఏమీ లేదు.

గోలీ అంటే చిన్న చోట పడే పెద్ద జోరు. సూది గుచ్చినట్టు. దానికి గట్టి పదార్థం కావాలి, గోలీ మొనను విరగ్గొట్టేది. ధమాకా అట్లా కాదు, పెద్ద చోట ఒకేసారి పడే తన్ను. సూది కాదు, పిడికిలి. నేలలో పాతిన బారూద్ పేలితే గాలి మాత్రమే కొట్టదు, పైన ఉన్న మట్టి, రాళ్లు కూడా తూటాల్లా లేచి బండి పొట్టను తంతాయి. తన్నులో పెద్ద వంతు ఆ మట్టిదే. దానికి గట్టిదనం ఒక్కటే చాలదు. పగలకుండా వంగే గుణం కావాలి. గట్టిది పగులుతుంది, మొండిది సాగుతుంది.

మన తెలంగాణ లోహార్లకు ఈ తేడా పాతకాలం నుంచే తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి ఫౌలాద్ చేసేవారు. దాని కోసం ఇరాన్ సౌదాగర్లు ఇంత దూరం వచ్చేవారు. ఆ ఫౌలాద్‌లో కార్బన్ ఎక్కువ, ఒక శాతం పైనే. కాబట్టి తల్వార్ అంచుకు అంత పదును. కానీ అదే ఉక్కును పలకగా కొట్టి బండి కింద పెడితే ధమాకాకు గాజులా పగిలే అవకాశం ఎక్కువ. నేటి బక్తర్ ఉక్కులో కార్బన్ 0.3 శాతం దరిదాపులోనే ఉంచుతారు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలుపుతారు. గట్టిదనం, మొండితనం రెండింటినీ తూకం వేసుకుంటూ కాల్చి, చల్లార్చి తయారు చేస్తారు.

కవచం తయారీ ఇల్మ్ హజ్రత్ దావూద్ అలైహిస్సలాంకు దక్కిందని మనం నమ్ముతాం. ఆయన జిరహ్ కడియాలు కడియాలుగా అల్లింది, రేకు కాదు. అది ఒంటితో పాటు వంగుతుంది. కానీ జిరహ్‌కు కూడా ఒక కమ్జోరీ ఉంది. కత్తి కోయలేదు గానీ గుర్జ్‌తో, అంటే ఇనుప గదతో కొడితే కడియాలు అట్లాగే ఉంటాయి, కింద ఎముక విరుగుతుంది. అందుకే మన దగ్గర జిరహ్ కింద దూది కుట్టిన దళసరి అంగీ తొడిగేవారు. చిల్తా హజార్ మాషా అని ఒక రకం ఉండేది, వేయి మేకుల అంగీ. పైన మఖ్మల్, దాని మీద ఇత్తడి మేకులు, లోపల పొరలు పొరలుగా బట్ట. గట్టిది బయట, మెత్తది లోపల. ఈ మాట కూడా దాచి పెట్టుకోండి.

తరాజూలో పదార్థాలు

ఇప్పుడు బజారుకు పోయినట్టు ఒక్కో సామాను తరాజూలో పెట్టి చూద్దాం.

మొదట ఉక్కు. ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు. ఒక చదరపు మీటరు పలక, 10 మిల్లీమీటర్ల మందం అయితే 78 కిలోలు. బండి మొత్తం చుడితే టన్నులు. కానీ ఉక్కు సస్తా, వెల్డింగ్‌కు లొంగుతుంది, దెబ్బ తిన్నాక మరమ్మతు చెయ్యొచ్చు, పగిలే ముందు చాలా సాగుతుంది. ఇంకో సుగుణం ఏమిటంటే బరువే. ఒకే తన్ను తేలిక బండికి తగిలితే గాల్లోకి ఎగురుతుంది, బరువు బండికి తగిలితే కొంచెమే లేస్తుంది. కాబట్టి ధమాకా విషయంలో బరువు పూర్తిగా దుష్మన్ కాదు.

రెండోది అల్యూమినియం. ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. అదే బరువులో ఉక్కుకన్నా మూడింతల మందం పలక వస్తుంది. మందం పెరిగితే వంగకుండా నిలబడే శక్తి చాలా పెరుగుతుంది. అందుకే 1960లో అమెరికా ఎం 113 అనే బండిని అల్యూమినియంతో చేసింది. విమానంలో ఎక్కించొచ్చు, నదిలో తేలుతుంది. వియత్నాంలో దాని అసలు రంగు బయటపడింది. మైన్లు పేలుతుంటే సిపాహీలు లోపల కూర్చోవడం మానేసి, బండి పైకప్పు మీద కూర్చుని పోయేవారు. గోలీ తగిలితే తగలనీ, కింద నుంచి వచ్చే ధమాకాకు లోపల నలిగి చావడం కన్నా అదే మేలనుకున్నారు. లోపల నేల మీద ఇసుక బస్తాలు పరిచారు. నా దోస్త్ జీపులో వేసుకున్నట్టే.

మూడోది టైటానియం. 4.5 గ్రాములు. ఉక్కు బలం, దాదాపు సగం బరువు. కానీ కీమత్ వింటే చెవులు మూసుకుంటారు. వెల్డింగ్ కూడా నాజూకు పని. అందుకే చిన్న చిన్న చోట్ల తప్ప మొత్తం బండికి వాడరు.

నాలుగోది సిరామిక్. మన ఇంటి టైల్స్‌కు దూరపు చుట్టం అనుకోండి. అల్యూమినా 3.9, సిలికాన్ కార్బైడ్ 3.2, బోరాన్ కార్బైడ్ 2.5 గ్రాములు. గోలీకి వీటిని మించింది లేదు, గోలీ మొన తగిలీ తగలగానే చితికిపోతుంది. కానీ టైల్ పెళుసు. దాని వెనక వంగే పొర ఒకటి తప్పకుండా ఉండాలి. బండి పక్కలకు, తలుపులకు పెడతారు. కింద పొట్టకు వచ్చే పిడికిలి దెబ్బకు సిరామిక్ ఒక్కటే పనికి రాదు.

ఐదోది బట్ట. అవును, బట్టే. 1965లో డూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే కెమిస్ట్ కనిపెట్టిన దారంతో కెవ్లార్ వచ్చింది. తర్వాత ఇంకో రకం పాలిథిలీన్ దారం వచ్చింది, నీళ్ల మీద తేలేంత తేలిక. వీటితో బండి లోపలి గోడలకు అస్తర్ వేస్తారు. ఎందుకంటే ధమాకాకు ఉక్కు పలక పూర్తిగా చిరగకపోయినా, లోపలి వైపు నుంచి పెచ్చులు ఊడి తూటాల్లా ఎగురుతాయి. ఆ పెచ్చులను ఈ అస్తర్ పట్టుకుంటుంది. చిల్తా హజార్ మాషా తిరిగి వచ్చింది చూశారా? గట్టిది బయట, మెత్తది లోపల.

ఈ ఐదింటిలో ఏది మేలు? ఖైర్, ఆ సవాలే తప్పు అని తేల్చింది ఆఫ్రికా.

ఆకారమే బక్తర్

1970ల్లో రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, తెల్లవాళ్ల హుకూమత్ మీద నల్లవాళ్ల ఆజాదీ జంగ్ నడుస్తోంది. మట్టి రోడ్ల మీద మైన్లు. బండ్లకు ఎంత ఉక్కు తగిలించినా లాభం లేదు. అప్పుడు వాళ్లు నమూనాలు పేల్చి పేల్చి చూశారు. టైర్లలో నీళ్లు నింపారు. చక్రాలను బండి పొట్టకు దూరంగా పెట్టారు, మైన్ పేలితే చక్రం ఊడిపోవాలి, మనుషుల గది మిగలాలి అని. అన్నింటికన్నా ముఖ్యంగా బండి అడుగును బల్లపరుపుగా కాకుండా పడవ అడుగులా, ఇంగ్లీషు వి అక్షరంలా చేశారు.

బల్లపరుపు పలక కింద పేలుడు జరిగితే పొగ, మట్టి పోవడానికి దారి లేక మొత్తం తన్ను పైకే ఇస్తాయి. వాలుగా ఉంటే అటూ ఇటూ జారిపోతాయి. ఫాసలా కూడా అట్లాంటిదే. పేలుడు జోరు దూరం పెరిగే కొద్దీ చాలా తొందరగా తగ్గిపోతుంది. పొట్టను నేలకు ఇంకో మూర ఎత్తులో పెడితే, ఇంకో ఉక్కు పలక వేసిన దానికన్నా ఎక్కువ లాభం రావచ్చు. అదీ ఉచితంగా.

పక్కనే ఉన్న దక్షిణాఫ్రికా ఈ ఇల్మ్‌ను ముందుకు తీసుకుపోయింది. హిప్పో, బఫెల్, ఆ తర్వాత క్యాస్పిర్. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ, పొట్ట కింద 14 కిలోలు పేలినా లోపలివాళ్లు బతకాలి అని క్యాస్పిర్‌ను తయారు చేశారు. వాడింది ఉక్కే. కొత్త లోహం ఏదీ కాదు. గోల్కొండవాళ్లు చేసిన పనే, పేలుడుకు బయటి దారి చూపించడం.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. క్యాస్పిర్ లోపల కూర్చున్నవాడికి అది రహ్మత్. మరి బయట నిలబడ్డవాడికి? 1980ల్లో ఆ బండ్లే దక్షిణాఫ్రికా నల్లవాళ్ల బస్తీల్లోకి దూసుకుపోయాయి. ఎత్తైన పసుపు బండి, దాని మీద నుంచి కాల్పులు. అక్కడి పిల్లలకు అపార్థైడ్ అంటే గుర్తొచ్చే బొమ్మల్లో క్యాస్పిర్ ఒకటి. మైన్ నుంచి కాపాడటానికి పుట్టిన బండి జులుమ్‌కు సవారీ అయింది. తర్వాత అదే రకం బండ్లు మైన్లు ఏరివేసే పనికి కూడా పోయాయి. ఉక్కుకు ఈమాన్ ఉండదు. నడిపేవాడి నియ్యత్‌ను బట్టే దాని పేరు.

ఇరాక్ నేర్పిన ఖరీదైన సబక్

ఇంత తెలిసిన దునియాలో 2003లో అమెరికా ఇరాక్ మీదికి హంవీ బండ్లతో పోయింది. బల్లపరుపు అడుగు, నేలకు దగ్గర, చాలా బండ్ల తలుపులకు బట్ట. రోడ్డు పక్క బాంబులు మొదలయ్యాక సిపాహీలు చెత్తకుప్పల్లో ఇనుప రేకులు వెతికి తలుపులకు వెల్డింగ్ చేసుకున్నారు. 2004 డిసెంబరులో కువైట్‌లో ఒక సిపాహీ లేచి, మాకు ఈ కర్మ ఎందుకు అని రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌నే అందరి ముందు అడిగాడు. ఉన్న ఫౌజుతోనే జంగ్‌కు పోతాం, కావాలనుకున్న ఫౌజుతో కాదు అన్న అర్థంలో ఆయన జవాబిచ్చాడు. ఆ జవాబు దునియా అంతా పాకింది.

2005 ఫిబ్రవరిలో అక్కడి మెరీన్ దళాలు వి అడుగు బండ్లు 1,169 అర్జంటుగా కావాలని రాసి పంపాయి. ఆ కాగితం దఫ్తర్‌లలో తిరుగుతూ ఉండిపోయింది. చివరికి 2007లో రాబర్ట్ గేట్స్ మంత్రి అయ్యాక దీన్ని అన్నిటికన్నా ముందు పనిగా పెట్టాడు. ఎంరాప్ అనే పేరుతో ఇరవై వేలకు పైగా బండ్లు తయారయ్యాయి. వాటి మూలం ఆఫ్రికా ఇల్మే. కాగితం కదలని రెండేళ్లలో ఎన్ని ఇళ్లకు జనాజాలు వెళ్లాయో ఆలోచించండి. అక్కడ కొరత ఫౌలాద్‌ది కాదు, ఫికర్‌ది.

అయినా ఆ బండ్లు కూడా పూర్తి జవాబు కాలేదు. ఎత్తు పెరిగింది కాబట్టి అఫ్ఘానిస్తాన్ కొండ దారుల్లో బోల్తా పడ్డాయి. అక్కడి కోసం ఇంకో తేలిక రకం చెయ్యాల్సి వచ్చింది. అవతలివాళ్లు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. రోడ్డు పక్క నుంచి రాగి పళ్లెం పెట్టి పేల్చే రకం తెచ్చారు. పేలుడు ఆ పళ్లేన్ని ముద్దగా చేసి పక్క తలుపులోకి దూర్చేస్తుంది. అది గోలీ లాంటిది, వి అడుగు దాన్ని ఏమీ చెయ్యలేదు. అంటే పొట్టకు ఒక బక్తర్, పక్కకు ఒక బక్తర్. బండి బరువు పెరుగుతూనే పోయింది. ఇంతకీ ఆ రోడ్ల మీదే నడిచిన ఇరాకీ కూరగాయలవాడికి, స్కూలు పిల్లకు ఏ బక్తర్ ఉంది? వాళ్ల లెక్క ఏ దఫ్తర్‌లోనూ అర్జంటు కాగితం కాలేదు.

మన హైదరాబాద్ వాటా

ఈ కథలో మన షహర్‌కు కూడా పెద్ద వాటా ఉంది. సంతోష్ నగర్ దాటి కాంచన్‌బాగ్ వైపు పోతే పొడుగు ప్రహరీ గోడలు కనిపిస్తాయి. అందులో డీఎంఆర్ఎల్ అనే లోహ పరిశోధన సంస్థ ఉంది, 1963 నాటిది. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కవచం అక్కడే పుట్టింది. దాని పేరు కాంచన్. కాంచన్‌బాగ్ పేరు మీదే పెట్టారు. ఉక్కు పలకల మధ్య వేరే పదార్థాల పొరలు పెట్టి చేసిన కవచం అది. లోపల ఏముందో రాజ్, వాళ్లు చెప్పరు, మనం అడగం. పక్కనే మిధాని ఉంది, ప్రత్యేక లోహాల కార్ఖానా. బులెట్‌ప్రూఫ్ జాకెట్లు, బండ్ల కవచాలు అక్కడ తయారవుతాయి. అటు సంగారెడ్డి వైపు ఎద్దుమైలారంలో ఫౌజీ బండ్ల కార్ఖానా. మైన్లను తట్టుకునే బండ్లను అక్కడ కూడా తయారు చేశారు. కోనసముద్రం కొలిమి నుంచి కాంచన్‌బాగ్ కొలిమి దాకా తెలంగాణ ఫౌలాద్ కథ తెగలేదు.

2003 అక్టోబరు 1న తిరుపతి దగ్గర అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద క్లేమోర్ మైన్లు పేలిన సంగతి తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. బులెట్‌ప్రూఫ్ అంబాసిడర్‌లో ఉన్న ఆయన గాయాలతో బయటపడ్డారు. క్లేమోర్ అంటే ఇనుప గోలీలను ఒకే దిక్కుకు చిమ్మేది. నేను పైన చెప్పిన రెండు రకాల్లో అది గోలీ వైపు బిరాదరీ. గట్టి తలుపు దాన్ని కొంత ఆపగలదు. అదే మందు కారు కింద పాతి ఉంటే కథ వేరుగా ఉండేది.

బస్తర్ అడవుల్లో అదే జరిగింది. మైన్‌ప్రూఫ్ బండ్లు వచ్చాక వాటిని ఆపడానికి మావోయిస్టులు మందు పెంచుతూ పోయారు. పది కిలోల లెక్కతో కట్టిన బండి కింద పదుల కిలోలు పేల్చారు. నాటో దేశాలు పెట్టుకున్న కొలతల్లో కూడా పై మెట్టు 10 కిలోల టీఎన్‌టీ మాత్రమే, దాని కింది మెట్లు 8, 6. ఏ బండికైనా ఒక హద్దు ఉంటుంది, మందుకు ఉండదు. చివరికి మన బలగాలు చాలాచోట్ల బండ్లు దిగి కాలినడకన, మోటారు సైకిళ్ల మీద పోవడం మొదలుపెట్టాయి. వేల కిలోల ఉక్కు కన్నా విడివిడిగా, రోడ్డుకు దూరంగా నడిచే కాళ్లే మేలని తేలింది. మళ్లీ ఫాసలాయే గెలిచింది.

దోస్త్ సవాలుకు జవాబు

ఇప్పుడు దవాఖానా మంచం దగ్గరికి వస్తాను. ఇసుక బస్తాలు ఎందుకు ఆపలేదు?

ఆపాయి. కొంత ఆపాయి. ఇసుక బరువు జీపును మరీ ఎత్తుకు ఎగరనివ్వలేదు, ఇనుప ముక్కలను మింగింది. వాడి కాళ్లు మిగిలాయంటే ఆ ఇసుక వల్లే కావచ్చు. కానీ జీపు అడుగు బల్లపరుపు, నేలకు జానెడు దూరం. తన్ను నేరుగా సీటుకు, సీటు నుంచి వెన్నుపూసకు ఎక్కింది. రేకు చిరగకుండానే మనిషి లోపల చిరిగిపోతాడు. చీలమండలు, వెన్నెముక, చెవి పొరలు, మెదడు ముందు దెబ్బ తింటాయి. గుర్జ్ దెబ్బకు జిరహ్ మిగిలి ఎముక విరిగినట్టే. అందుకే మంచి బక్తర్‌బంద్ బండిలో సీటును నేలకు బిగించరు, పైకప్పు నుంచి లేదా పక్క గోడ నుంచి వేలాడదీస్తారు. నాలుగు పట్టీల బెల్టు పెడతారు. కాళ్లు నేలకు ఆనకుండా పీట ఇస్తారు. ఆ సీటు ఖర్చు ఉక్కు పలక ముందు ఎంత? చాలా తక్కువ. ప్రాణం కాపాడటంలో దాని వాటా ఎంత? చాలా ఎక్కువ.

ఈ జవాబు వాడికి మొన్న రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత చెప్పాను. ఇప్పుడు కుడి చెవికి మిషన్ పెట్టుకుంటాడు, ఎడమది పూర్తిగా పోయింది. నమాజులో రుకూకు వంగలేడు, కుర్చీలో కూర్చుని చదువుతాడు. అంతా విని చాయ్ కప్పు కింద పెట్టి అన్నాడు: "అరే భాయ్, అంటే ఉక్కు తక్కువై కాదు, ఆలోచన తక్కువై నా చెవులు పోయాయంటావా?" నేను తల ఊపాను. వాడు నవ్వలేదు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు: "ఆ రోజు రోడ్డు పక్క మేకలు కాస్తున్న పిల్లగాడు ఒకడుండె. వానికైతే ఇసుక బస్తా కూడా లేకుండె." ఆ పిల్లగాడు బతకలేదు. నేను అప్పుడు అఖ్బార్‌లో రాసిన ఖబర్‌లో దోస్త్ గురించి నాలుగు లైన్లు ఉన్నాయి, ఆ పిల్లగాడి గురించి ఒక్క లైను కూడా లేదు. ఆ గల్తీ నాది. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మనుషులను చంపే మైన్లను పూర్తిగా మానేద్దాం అని 1997లో ఒట్టావాలో ఒక ముఆహిదా అయింది. చాలా దేశాలు దస్తఖత్ చేశాయి. హిందుస్తాన్, పాకిస్తాన్, చైనా, రష్యా, అమెరికా చెయ్యలేదు. ఏ పేలుడునైనా ఆపే బక్తర్ దునియాలో లేదు. పేల్చకుండా ఉండటం ఒక్కటే పూర్తి హిఫాజత్. దానికి ఏ కార్ఖానా అక్కరలేదు గానీ, మనుషుల మధ్య ఎతబార్ కావాలి. అది ఫౌలాద్ కన్నా కష్టంగా తయారవుతుంది.

ఇక మా బిడ్డ అడిగిన సవాల్. ఔరంగజేబ్ ఆ గోడను పగలగొట్టి రాలేదు. తోపులు ఓడాయి, సురంగ్‌లు ఓడాయి, నిచ్చెనలు ఓడాయి. 1687 సెప్టెంబరు 21 రాత్రి లోపలి సర్దార్ అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి లొంగి ఒక చిన్న దర్వాజా తెరిచాడు. అబ్దుర్రజాక్ లారీ ఒక్కడే ఎదురు నిలిచి డెబ్బై దాకా గాయాలతో పడిపోయాడని తవారీఖ్‌లు రాశాయి. గోడ మాత్రం ఈ రోజుకూ నిలబడే ఉంది.

ఇదంతా విని మా అమ్మాయి ఫసీల్‌ను ఇంకోసారి తట్టింది. "గోడది తప్పు కాదన్నమాట" అంది. కాదు బేటా, గోడది తప్పు కాదు.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.